తోడికోడలి బొచ్చు గౌను

ఫ్లోరెన్స్‌లో ఉన్ని వడుక్కుని బతికే లాపాకి కడుపుమంటంతా తోడికోడలు బీచే మీదే. పెద్దకోడలు తనుండగా, అత్త పియేరా తన పెళ్ళినాటి ఎర్ర గౌనుని, లోపలంతా ఉడుత బొచ్చు కుట్టినదాన్ని, నిన్నగాక మొన్నొచ్చిన బీచేకి కట్టబెట్టింది. అది చాలదన్నట్టు లాపా కూతురు నూతా పొద్దస్తమానం బీచే ఒడిలోనే ఉండేది. "పిన్ని గౌను ఎంత మెత్తగా ఉంటుందో అమ్మా!" అంటే లాపా రగిలిపోయేది.

ఆ వసంతంలో ఊళ్ళోకి మహమ్మారి దిగింది. ముందు ఎలుకలు చచ్చాయి, ఎవరు పట్టించుకున్నారు గనక? తర్వాత మనుషులు. గాలి చెడిందన్నారు వైద్యులు. లాపా కిటికీలు బిగించి, గదినిండా పొగ వేసి, పిల్ల ముక్కుకి వెనిగర్ గుడ్డ కట్టింది. మొగుడు ఏనాడో పోయాడు, ఆమెకి మిగిలింది ఆ పిల్లొక్కతే.

పై గదిలో బీచేకి గజ్జల్లో బిళ్ళ కట్టింది. చలిజ్వరంతో వణుకుతుంటే అత్త ఆ గౌనే కప్పింది. వారం తిరక్కుండానే బీచే పోయింది.

ఆడదాన్ని ఉన్నంతలో మంచి బట్టతో సాగనంపాలని అత్త శవానికి ఆ గౌను తొడగబోయింది. లాపా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"చచ్చినదానికి ఉడుత బొచ్చెందుకత్తా? బతికుండగా వేసుకు తిరిగింది చాలదా?"

"సిగ్గులేదుటే? శవమింకా చల్లారలేదు!"

"పెద్దకోడల్ని నేను. ఇటివ్వు!"

లాక్కుంది. పొగ పట్టిస్తే చెడుగాలి వదిలిపోతుందనుకుంది. ఎలుకల మీంచి దూకి బొచ్చులో నక్కిన పురుగులే రోగాన్ని మోస్తాయని ఎవరికి తెలుసు? ఆ రోజుల్లో అవి లేని ఒళ్ళుందా!

చలిగా ఉందని నూతాని అందులోనే చుట్టి పడుకోబెట్టింది.

"పిన్ని గౌనా?"

"నోర్ముయ్! ఇక ఇది అమ్మది."

అబ్బ, ఆ మాట అనడానికి ఎంత హాయిగా ఉందో!

ఆదివారానికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, చంకలో బిళ్ళ. "పిన్నీ, పిన్నీ" అని ఒకటే పలవరింత.

"పిన్ని కాదే, అమ్మని! ఒక్కసారి అమ్మా అనవే తల్లీ!"

అనకుండానే పోయింది.

వీధివీధంతటికీ ఒకటే గొయ్యి. పిల్లనెక్కడ పెట్టారని లాపా అడిగితే, "మీ ఇంట్లో ముందు పోయినావిడ పక్కనేనమ్మా," అన్నాడు బండివాడు.

ఏం విచిత్రమో, లాపాకేమీ కాలేదు. ముసలిదయ్యేదాకా బతికింది. కిటికీ సందులోంచి వచ్చిన గాలే పిల్లని తీసుకుపోయిందని చచ్చేదాకా నమ్మింది. ఏటా సమాధుల పండుగకి వెళ్ళి, ఆ గొయ్యి మీద నూతా ఒక్కదానికే కొవ్వొత్తి వెలిగించేది. "నా పిల్లని నాకిచ్చెయ్యవే, దొంగదానా!" అని ఆ మట్టితో పోట్లాడి ఇంటికొచ్చేది.