రూత్ మేడం స్క్రిప్టులో నేను తీసేసిన మాటలు

చాలాకాలం మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే, లోపలి దుమ్ము వేడెక్కి ఒక కమురు వాసన వస్తుంది. మొన్న మా ఆఫీసు స్టోరు గదిలో పాత మెషీన్ ఒకటి పరీక్షిస్తుంటే ఆ వాసన తగిలింది. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం అనకాపల్లిలో మందుల దుకాణం మీది మా రెండు గదుల పాత ఆఫీసు, కిటికీ పక్క కుర్చీలో కళ్లద్దాలు తుడుచుకుంటున్న రూత్ మేడం గుర్తొచ్చారు. ఆమె గురించి నేనెవరికీ సరిగ్గా చెప్పలేదు. చెబితే నా గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనక్కడ చేరాను. ఉప్మాక దగ్గర చెరకు వేసుకునే కుటుంబం మాది. ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే. మా సంస్థ చుట్టుపక్కల ఊళ్లలోని బడులకూ చిన్న ఆసుపత్రులకూ కంప్యూటర్లు పెట్టేది, పాతవాటిని బాగుచేసేది. వాటిలో కావలసినవన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించాలంటే పూట పట్టేది. ఆ పనంతా దానంతటదే వరుసగా జరిగిపోయేలా నా సీనియరైన రూత్ మేడం ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు ఆదేశాల చిట్టా, రాశారు. అది మొదట పాత సమాచారాన్ని రెండో డిస్కులోకి కాపీ చేసేది, తర్వాత మొదటి డిస్కును పూర్తిగా తుడిచేది, కొత్త సిస్టమ్ ఎక్కించేది, చివరికి సమాచారాన్ని వెనక్కి తెచ్చేది. మేడం దృష్టంతా ఆ పనుల మీద కన్నా, అవి జరుగుతున్నప్పుడు తెర మీద కనిపించే మాటల మీద ఉండేది. ప్రతి మెట్టు దగ్గరా ఏం చేయబోతోందో, ఏ డిస్కు మీదో, అయిందో లేదో స్క్రిప్టు చెప్పాలి. ఆ నల్ల తెర మీద తెలుగు లిపి వచ్చేది కాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. మా ఆఫీసు ఊడ్చే అప్పలనరసమ్మ కూతురు తొమ్మిదో తరగతి చదివేది. మేడం ఆ పిల్లను పిలిచి చదివించేవారు. ఆ పిల్ల తడబడిన వాక్యాన్ని మళ్లీ రాసేవారు.

ఒకసారి నేను, పని మధ్యలో ఆగితే తెర మీద కనిపించాల్సిన చోట ‘ఎర్రర్’ అని మాత్రం రాసి ఊరుకున్నాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పారు: “ఎర్రర్ అంటే సరిపోద్దా పద్మా? ఎక్కడ ఆగింది, ఎందుకాగింది, ఇప్పుడు ఎదర కూర్చున్న మనిషి ఏటి సెయ్యాలి? అక్కడ మనం ఉండం. ఆ మాటే ఉంటాది.” ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకెవరైనా పని నేర్పారంటే అది ఆ మధ్యాహ్నమే.

మా యజమానికి ఆ మాటలు నచ్చేవి కావు. ఎక్కడో ఒక పెద్దమనిషి తెర నిండా వరుసలు పరుగెత్తడం చూసి, మీ సరుకులో ఇన్ని తప్పులున్నాయా అని అడిగాడట. మేడం తల్లిగారి కంటి ఆపరేషన్ కోసం సెలవు పెట్టిన రోజున ఆయన నన్ను గదిలోకి పిలిచారు. “ఆ సొదంతా తీసెయ్యమ్మా. ఎడమ నుంచి కుడికి గీత ఒకటి నిండుతా కనపడితే సాలు,” అన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇంకా సంతకం కాకుండా ఆయన బల్ల మీదే ఉంది. సాయంత్రానికల్లా తీసేశాను. మాటలతో పాటు, కాపీ అయిన ఫైళ్లు సున్నా అయితే అక్కడే ఆగిపొమ్మనే నాలుగు వరుసలు కూడా తీసేశాను. అవీ ఆ సొదలో భాగమే అనుకున్నాను. గీత చాలా అందంగా వచ్చింది. మేడం తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పలేదు.

నెల తర్వాత రోలుగుంట దారిలో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రిలో మావాళ్లు ఆ స్క్రిప్టు నడిపారు. రెండో డిస్కు తీగ వదులై ఉంది. ఒక్క ఫైలూ కాపీ కాలేదు. గీత నిండింది, డిస్కు తుడుచుకుపోయింది. పురుడు పోసుకోవడానికొచ్చే ఆడవాళ్ల రక్తం గ్రూపులు, వెనకటి కాన్పుల్లో వచ్చిన ఇబ్బందులు, పిల్లల టీకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. సత్యవతి అనే నర్సు అంతకుముందు రెండేళ్లపాటు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని అవన్నీ టైపు చేసింది. ఆమె బస్సెక్కి మా ఆఫీసుకొచ్చి, గొంతు పెంచకుండా ఒకటే అడిగింది: “పోయినవి ఇంక రావేటండీ?”

ఆమె ఎదుటే యజమాని, స్క్రిప్టు పైన మీ పేరే ఉంది కదా అని మేడంను నిలదీశారు. మేడం ఫైలు తెరిచి మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. తర్వాత ఒక్కసారి నా వైపు చూశారు. నేను కీబోర్డు వైపు చూశాను. “స్క్రిప్టు నాదేనండి. ఉండాల్సినవి ఇందులో లేవు,” అన్నారు. ఎవరు తీశారని యజమాని అడగలేదు. ఆయనకు తెలుసు. రేపటి నుంచి రావద్దని మేడంకు చెప్పారు. నేనే తీశాను, మీరే తీయమన్నారు అని నేననాల్సింది. అనలేదు.

మెట్ల మీద ఆమె వెనకాల పరుగెత్తాను. సార్ తీయమన్నారని చెప్పాను. ఆమె సంచీ భుజాన సర్దుకుంటూ ఆగారు. “తీయమన్నది ఆయనే. నాకు సెప్పొద్దని కూడా ఆయనే అన్నారా?” అని అడిగారు. మెట్లు దిగి వెళ్లిపోయారు.

రెండు వారాల తర్వాత సత్యవతి ఏదో పని మీద ఫోన్ చేసి, మీ మేడం రోజూ ఆసుపత్రికి వచ్చి పాత కేసు షీట్లు చూసి టైపు చేస్తున్నారని చెప్పింది. ఆమెను ఎవరూ పంపలేదు. ఆ ఆదివారం నేనూ వెళ్లాను. ఉదయం చర్చి అయ్యాక వచ్చినట్టున్నారు, తెల్ల చీరలో ఉన్నారు. నన్ను చూసి పలకరించలేదు, పొమ్మనలేదు. కాగితాల కట్ట నా వైపు జరిపి చదవమన్నారు. సాయంత్రం దాకా నేను పేర్లూ వివరాలూ చదివాను, ఆమె టైపు చేశారు. ఒక షీటులో రక్తం గ్రూపు ఉండాల్సిన చోటు చెదలు తినేశాయి. ఆ గడి ఖాళీగా వదిలేద్దామా అన్నాను. ఆమె అందులో ‘కాగితం పాడైంది, మళ్లీ పరీక్ష చేయాలి’ అని రాశారు. వెళ్లబోతూ నేను నోరు తెరిచేలోపే ఆమే అన్నారు: “క్షమించమని అడగడానికొచ్చేవు. అడక్కు. నాకింకా కోపం తగ్గలేదు. తగ్గిందని అబద్ధం ఆడలేను.”

సగం షీట్లు అసలు దొరకనే లేదని తర్వాత తెలిసింది. ఆసుపత్రివాళ్లు ఫిర్యాదు చేస్తారని భయపడిన యజమాని స్క్రిప్టులో పాత మాటలన్నీ తిరిగి పెట్టమన్నారు, పైన ఆమె పేరు మాత్రం తీసేయమన్నారు. రెండూ చేశాను. ఆమె పేరున్న చోట నా పేరు రాశాను. మా స్క్రిప్టు ప్రతిదీ వివరంగా చెబుతుందని ఆయన అందరికీ చూపించుకున్నారు. కిటికీ పక్క కుర్చీ నాకిచ్చారు. మేడం కె. కోటపాడులో ఒక బడిలో పాఠాలు చెబుతున్నారని విని రెండు మూడుసార్లు ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడారు, మా అమ్మ ఆరోగ్యం అడిగారు. ఒకసారి రా అని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు.

ఇప్పుడు నా కింద కొంతమంది పిల్లలు పనిచేస్తున్నారు. నేను రాసిన స్క్రిప్టు ఎక్కడ ఆగినా, ఎందుకాగిందో, తర్వాత ఏం చేయాలో చదివితే తెలిసిపోతుందని మెచ్చుకుంటారు. కిందటి వారం వారిలో ఒకమ్మాయి, ఇలా రాయడం మీకెవరు నేర్పారు మేడం అని అడిగింది. ఆ గదిలో నాకు యజమాని ఎవరూ లేరు. సంతకం కావలసిన కాగితమూ లేదు. “చేస్తూ చేస్తూ వచ్చింది,” అన్నాను. రూత్ మేడం పేరు ఇంకోసారి తీసేశాను.