సత్యవేణిగారి నల్ల రసీదులు

“కళ్లు కనపడట్లేదటయ్యా నీకు? మొదటిది నల్లబడగానే ఆపాలి కదా! కట్ట మొత్తం మాడ్చి చేతిలో పెడతావా?”

“అమ్మా, జర ఇనుండ్రి. మిషన్ల పెట్టుమన్నరు, పెట్టిన. గా కాయితమే గట్లాంటిది, వేడి తాకితె నల్లగైతది. నాకేమెరుక?”

“ఎరుక లేనివాడివి లామినేషన్ అని బోర్డెందుకు పెట్టావు?”

“గుంటూరు కారం మొత్తం నోట్లెనే ఉన్నది తల్లీ మీకు!”

2012 వానాకాలం. తెలంగాణ ఇంకా రాలేదు. అలాంటి మాటతో కొట్లాట ముదిరే రోజులవి. నాచారం చౌరస్తాలో దామోదర్ జిరాక్స్ షాపు పక్కదే మా మామ ఇంటర్నెట్ సెంటర్. డిగ్రీ మధ్యలో వదిలేశాక నేను కూర్చునేది అక్కడే. అరుపులు విని బయటికొస్తే సత్యవేణిగారు. చేతిలో కొరియర్ రసీదులు. ఏటీఎం చీటీలాంటి కాగితం మీద అచ్చయినవి. ఇప్పుడు ప్లాస్టిక్ లోపల ఒక్క అక్షరం కనపడకుండా మాడిపోయి ఉన్నాయి.

ఆవిడది తెనాలి దగ్గర ఊరు. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఒకసారి ఇంట్లో పాత మిక్సీకి జార్ కింద తిరిగే కప్లర్ అరిగిపోతే ఉప్పల్ అంతా తిరిగారు. “ఆ మోడల్ పోయిందమ్మా, కొత్త మిక్సీ కొనుక్కోండి” అన్నారు ప్రతి షాపులోనూ. ఆవిడకు ఒళ్లు మండింది. మల్లాపూర్‌లో ప్లాస్టిక్ సామాను పోత పోసే షెడ్డుకెళ్లి, అరిగిన ముక్క చూపించి కొత్తవి చేయించారు. మిగిలినవాటిని నా దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టించారు. జోధ్‌పూర్ నుంచి కూడా ఆర్డరొచ్చింది. దేశం నిండా పాత మిక్సీలే మరి.

కంప్యూటర్లో అమ్మారు గానీ కంప్యూటర్ని నమ్మలేదు. అంతకుముందు ఆవిడ ఓ ప్రైవేటు స్కూల్లో గుమాస్తా. అక్కడి కంప్యూటర్ పాడై ఫీజుల వివరాలు ఎగిరిపోతే, కరస్పాండెంట్ రామ్మోహనరావు అందరి ముందూ ఈమెను దొంగ అన్నాడు. ఫీజు రసీదుల కార్బన్ కాపీలు బల్ల మీద కుమ్మరించి వాడి నోరు మూయించి, మర్నాడే ఉద్యోగం మానేశారు.

“పార్సిల్ నంబర్ సైట్ల ఎక్కియ్యుండ్రి ఆంటీ” అని నేను మొత్తుకునేవాణ్ని.

“కాగితం ఉందిగా బాబూ” అనేవారు. ఆ గడి ఖాళీగానే ఉండేది.

ఇప్పుడు నాగపూర్‌లో ఒకడు సరుకు అందలేదన్నాడు. సాయంత్రం అయిదులోపు రసీదు పంపకపోతే సైట్లో ఆవిడ దుకాణం మూసేస్తామని సైటువాళ్లు మెయిలు కొట్టారు. వానలకు రసీదులు మెత్తబడ్డాయి. సర్టిఫికెట్లకూ రేషన్ కార్డులకూ ఊరంతా చేయించేదే కదా అని, ఆ కట్టంతా తెచ్చి లామినేషన్‌కిచ్చారు.

నాకు దామోదర్ మీద మండింది. ఆవిడ మీద ఇంకా మండింది. బైకెక్కించుకుని ఉప్పల్ కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లాను.

కౌంటర్లో ఉన్నవాడు తలెత్తలేదు. “నంబర్ చెప్పుండ్రి.”

“నంబరుంటే నీ దగ్గరికెందుకొస్తాను? సత్యవేణి అని కొట్టి చూడు. పోయిన నెల, నాగపూర్.”

“పేరుతోని సిస్టంల రాదు.”

“వారం వారం వస్తానయ్యా! నువ్వే కదా తూకం వేసింది. నా మొహం గుర్తుందా లేదా?”

“మస్తుగ గుర్తున్నది ఆంటీ. మొఖం కొట్టేటందుకు గడి లేదు గిండ్ల.”

వెనకాల వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. నేను కౌంటర్ మీద గట్టిగా చరిచాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

“ఇకనుంచి రసీదు చేతికి రాగానే నీ ఫోన్లో ఫోటో తీద్దువుగాని. నంబరు కూడా ఎక్కిద్దాం. కాగితం మాత్రం పారెయ్యను.”

“ఇకనుంచి ఏంది ఆంటీ? దుకాణముంటెగద!” అని రోడ్డు మీదే అరిచాను. నాలుగు దాటింది.

“అరవకు. పద, ఇంగ్లీషులో ఉత్తరం కొట్టిపెట్టు. సరుకు పంపాను, రసీదు లామినేషన్లో మాడిపోయింది, కావాలంటే అతనికి ఇంకోటి నా ఖర్చుతో పంపిస్తాను అని రాయి. ఉన్నదున్నట్టు రాయి. సారీ అని మాత్రం ఎక్కడా పెట్టకు బాబూ.”