ఈస్టర్ నాటి మునక

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఈస్టర్ ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకి నేను ముసుగుతన్ని పడుకుని ఉంటే ఎంతో బాగుండేది. లేచాను. లేచి, కొవ్వొత్తి పట్టుకుని బయలుదేరి, ఎండెక్కేలోపల ఒక్క ఘనకార్యంతో మా ఊరి క్రైస్తవుల పేట పేటంతటినీ ముంచాను. గోదారి వరదకైనా రెండు రోజులు పడుతుంది.

నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది సుగుణమ్మ గారు, మా ఊరి బడిలో దేవదానం మాస్టారి భార్య. నాగలి పట్టిన వేళ్ళకి రోజుకో బలపం విరిగేది. గొడ్లకి మేతేసి నేను ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేవాణ్ణి. ఆవిడ మాత్రం, "ఆలస్యమైతే అయింది, వచ్చేరు కదా, కూర్చోండి" అనేవారు. ఆ ఈస్టర్‌కి మూడు నెలల కిందట, క్రిస్మస్‌కి ముందు, జ్వరమొచ్చి పోయారు. అప్పుడు నేను ఆలమూరులో మా బావమరిది పెళ్ళిలో అరిసెలు తింటున్నాను. తిరిగొచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

అందుకే, ఈస్టర్ నాడు వాళ్ళు పాడుకుంటూ సమాధుల దగ్గరకు వెళ్ళే ఊరేగింపుకి నేనూ వస్తానని మాస్టారిని అడిగాను. మర్యాద తప్పకూడదని ముందురోజే ఆయన ప్రాణం తోడేశాను. చెప్పులు విప్పాలా అన్నాను. గట్టు నిండా తుమ్మముళ్ళు, వద్దన్నారు. బొట్టు తుడుచుకోవాలా అన్నాను.

"మీ బొట్టు మీకుండనివ్వండి, సూరిబాబు గారూ. కొవ్వొత్తి ఆరిపోకుండా చూసుకోండి, చాలు."

చుట్ట కూడా ఇంట్లోనే వదిలేశాను. అంత మర్యాదస్తుణ్ణి మీరు చూసి ఉండరు. అడగాల్సింది ఒక్కటే అడగలేదు.

నడక బాగానే సాగింది. మైనం చేతిమీద కారుతున్నా కిమ్మనకుండా, మాస్టారి తల్లి రూతమ్మ గారి వెనక కొత్తల్లుడంత ఒద్దికగా నడిచాను. సున్నం వేసిన సమాధి మీద సుగుణమ్మ గారి పేరు కూడబలుక్కుని చదివాను. అది చదవడం నేర్పిన మనిషి దాని కిందే ఉన్నారు.

పొద్దు పొడిచింది. కాఫీకి ఇంటికి రమ్మని రూతమ్మ గారు పిలిచారు. కాలువ గట్టునే తిరిగొస్తుంటే రేవు కనపడింది. మా ఇళ్ళల్లో అయినవాళ్ళు పోతే శ్మశానం నుంచి వచ్చి, కట్టుబట్టలతో మునగందే గడప తొక్కరు. నా కాళ్ళు నన్నడగలేదు, నేను మాస్టారినడగలేదు. కొవ్వొత్తి ఆయన చేతిలో పెట్టి దబ్బున దిగి మునిగాను.

లేచేసరికి పాట ఆగిపోయింది. నా పంచె సగం ఒంటిమీద, సగం దిగువ ఊరికి ప్రయాణంలో ఉంది. దాన్ని లాక్కుంటూ, నవ్వుతున్నారేమోనని చూశాను. ఎవరూ నవ్వడం లేదు. నా వైపు చూడడమే లేదు. మాస్టారు నేల చూస్తున్నారు.

రూతమ్మ గారే అడిగారు, మెల్లిగా. "మమ్మల్ని తాకిన మైల వదిలిందాండీ, బాబుగారూ?"

ఆవిడ చిన్నతనంలో ఆవిణ్ణి దిగనివ్వని రేవు అది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళ సంగతి విన్నాం. నిలువునా మునిగాక నోరు వెతుక్కున్నవాణ్ణి నేనే.

"అది కాదండీ. పరాయివాళ్ళు పోతే మేం కాళ్ళు కడుక్కుని ఊరుకుంటామండీ. అయినవాళ్ళకే ఇలా మునుగుతాం. ఆవిడ పోయిన్నాడు నేను లేను గదండీ."

ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే మాట పూర్తి కాలేదు. కాలువ నీళ్ళే. మీరూ నమ్మండి.

ఆవిడ తన భుజం మీది తువ్వాలు తీసి నా నెత్తిన వేశారు. "ఏడుపు మొన్న సిలువేసిన శుక్రవారంతో అయిపోయింది, నాయనా. ఇవాళ ప్రభువు లేచిన రోజు, నవ్వాలి. చదువుకే ఆలస్యం అనుకున్నాను. నువ్వు ఏడుపుక్కూడా ఆలస్యంగానే వచ్చేవు."

ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదలు. మాస్టారు ముందు నవ్వారు. తరవాత గట్టు మీద కూలబడి ఏడ్చారు. వాళ్ళ పండగపూట అందరినీ మళ్ళీ శుక్రవారానికి లాక్కెళ్ళిన పెద్దమనిషిని నేనే.

కాఫీ మాస్టారి లుంగీలో తాగాను. ఆ లుంగీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎవరి పండక్కి వెళ్ళినా, అడగకుండా ఏ నీళ్ళలోనూ బొటనవేలు కూడా పెట్టను.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: దేవదానం మాస్టారు, రూతమ్మ గారు, పాట ఎత్తుకున్న శాంతమ్మ, పాస్టరు గారు, వాళ్ళ వెనక పేటంతా. తెల్లటి సున్నం కింద సుగుణమ్మ గారు. అందరూ వేళకే వచ్చారు, నేను తప్ప.