నీడలో పూసిన చిక్కుడు

గుండుగొలనులో మా ఇంటి పెరడు పొడవు ముప్ఫై నాలుగు అడుగులు, వెడల్పు ఇరవై రెండు. తూర్పు మూల బాత్రూము, దాని కప్పు మీద నీళ్ల ట్యాంకు. ట్యాంకును ఆనుకుని చిక్కుడు పందిరి. మిగిలిన చోటంతా మళ్లు. మాది పల్లపు నేల, గంట వాన పడితే రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి. అందుకని మళ్లన్నీ జానెడు ఎత్తున చేశాను. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు చివర పెరటి పని మొదలవుతుంది. ముందు తోటకూర, మెంతికూర. దసరా దాటాక వంగనారు, టమాటా నారు. ఆపైన ముల్లంగి, కొత్తిమీర. ఏది ఎప్పుడు పెట్టానో, ఎన్నో రోజున మొలిచిందో ఒక నోటుపుస్తకంలో రాస్తాను. నాన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా. పెరటితో ఆయన సంబంధం కంచం దాకానే. పెరడు అమ్మదీ, నాదీ.

పందిరి మాత్రం అమ్మది.

ఆ చిక్కుడు విత్తనం అమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. కాయ వెడల్పుగా ఉండి, అంచు వెంట వంగపండు రంగు గీత ఉంటుంది. అమ్మ పుట్టిన ఊరు కొల్లేరు ఒడ్డున. ఆ ఇల్లూ పెరడూ ఉన్న చోట ఇప్పుడు చేపల చెరువు గట్టు ఉంది. అక్కడి వాళ్లు తలో ఊరూ చేరారు. ఆ చిక్కుడు వాళ్లెవరి దగ్గరా లేదని అమ్మ ఒకరొకరినీ అడిగి తెలుసుకుంది. ఉన్నది మా అటక మీది సీసాలోనే. కిందటి ఏడు ఆ సీసా మూత వదులై పురుగు పట్టింది. బాగున్న గింజలు తొమ్మిది మిగిలాయి. ఆషాఢంలో తొమ్మిదీ పెట్టేశాం. ఐదు మొలిచాయి. రెండింటిని నత్తలు తిన్నాయి. మూడు తీగలు పందిరెక్కాయి. అవి కాసి, కాయలు ఎండితేనే ఆ విత్తనం ఉంటుంది. లేకపోతే లేదు.

అమ్మ స్కూలు టీచరు. పొద్దున స్కూలుకి వెళ్లేముందు పందిరి కిందకి వెళ్లి, తలెత్తి ఓసారి చూసి వెళ్లేది. సెప్టెంబరులో ఆకు దట్టంగా ఉంది. అక్టోబరు మొదట్లో ఇంకా దట్టంగా ఉంది. మొగ్గ లేదు.

ఎదురింటి పిన్నిగారి పందిరి అప్పటికే పూతకొచ్చింది. పిన్నిగారంటే చుట్టం కాదు. వాళ్లాయన చెరువుల్లో వల లాగే పనికి వెళతాడు. పిల్లలిద్దరూ అమ్మ దగ్గరే చదువుకున్నారు. ఆవిడ మా పెరటి గేటు మీద చేతులు పెట్టి మా పందిరిని చూసింది.

"ఏమండీ ఇంజినీరుబాబుగారూ, మీ చిక్కుడుపిల్లకి ఇంకా పెళ్లీడు రాలేదాండీ?"

"వస్తుంది పిన్నిగారూ. టైముంది."

"మాదానికి నెల తప్పిందండి అప్పుడే. టీచరుగారండీ, నా మాట విని ఓ పాత చెప్పు కట్టండి పందిరికి. దిష్టి ఇది."

"మేం చెప్పులు కడితే పాస్టరుగారు చూసి ఏమంటారే?" అంది అమ్మ.

"చిక్కుడుకాయ కూర తింటారో తినరో ముందది అడగండి ఆయన్ని."

అమ్మ నవ్వింది గానీ, ఆవిడ వెళ్లాక మళ్లీ పందిరి కిందకి వెళ్లి నిలబడింది.

నేను నోటుపుస్తకంలో కారణాలు రాసుకున్నాను. ఎరువు ఎక్కువై ఆకుకే బలం పోతూ ఉండవచ్చు. వేరు దగ్గర నీళ్లు నిలుస్తూ ఉండవచ్చు. పేనుబంక మొగ్గల్ని చిన్నప్పుడే పీల్చేస్తూ ఉండవచ్చు. విత్తనం పాతదై బలం తగ్గి ఉండవచ్చు. ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. ఎరువు ఆపాను. పాదు పక్కన కాలవ తీశాను. పొద్దున్నే ఆకులు తిప్పి చూశాను, పేనుబంక లేదు. ఇక మిగిలింది విత్తనం. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఆ మాట అమ్మకి చెప్పలేదు. ఆ జాబితాలో రాయనిది ఒకటుంది. దాన్ని కారణంగా నేను చూడనే లేదు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. కొల్లేరు పక్క చేపల చెరువుల్లో ఏరేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు, రిపేరు చేస్తాను. భీమడోలు నుంచి అవతలి గట్ల దాకా బండి మీద తిరుగుతాను. సామాను కావలసి వస్తే ఏలూరు వెళతాను. చెరువు గట్ల మీద కాపలాకి పెద్ద ఎల్ఈడీ లైట్లు ఉంటాయి. చీకటి పడగానే వాటంతట అవే వెలిగి, తెల్లవారితే ఆరిపోతాయి. ఆగస్టులో ఒక చెరువుగలాయన పాడైన లైటు పక్కన పడేస్తే, అడిగి తెచ్చుకుని బాగుచేశాను. అదే వారం వానల్లో మా బట్టలుతికే రాయి కింద పాము కనిపించింది. పెరటి పడమటి మూల ఇనపగొట్టం పాతి లైటు బిగించాను. అమ్మ అడగలేదు. కానీ లైటు వెలిగాక పిన్నిగారిని పిలిచి చూపించింది. "మా వాడు పెట్టాడే, పిన్నీసు పడినా కనబడుతుంది" అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

కోత పండుగకి వారం ముందు, నవంబరులో, ట్యాంకు కడగడానికి బాత్రూము కప్పు ఎక్కాను. తీగలు కొన్ని కప్పు మీదకి పాకి ట్యాంకు వెనక్కి వెళ్లాయి. కింద నుంచి ఆ చోటు కనబడదు. అక్కడ పూలున్నాయి. గుత్తుల కింద కాయలున్నాయి, వంగపండు రంగు అంచుతో. లెక్కపెట్టాను, పద్నాలుగు. వాటికి బెత్తెడు దూరంలో, అదే తీగ మీద, ఒక్క మొగ్గ లేదు. పూత ఉన్న చోటుకీ లేని చోటుకీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత ఉంది. నేను ట్యాంకు వెనక చతికిలబడి, ఆ గీత మీద తల పెట్టి పడమటికి చూశాను. ట్యాంకు అంచు, దాని అవతల సరిగ్గా లైటు గొట్టం. పూసింది ట్యాంకు నీడ పడిన మేరే.

అక్కడే కూర్చుని ఫోనులో వెతికాను. పందిరెక్కే పాతరకం చిక్కుళ్లు రాత్రి పొడుగు పెరిగితేనే పూస్తాయట. మా తీగలకి ఆగస్టు నుంచీ రాత్రి అన్నదే లేదు. పిన్నిగారి పందిరికి మా ఇల్లే అడ్డు. నేను దిగి, మెయిను ఆపి, లైటుకి వెళ్లే వైరు తీసేశాను. తరవాత అమ్మకి రెండూ చెప్పాను, కాయల సంగతీ, లైటు సంగతీ.

అమ్మ లైటు సంగతి విన్నట్టు లేదు. "పద్నాలుగున్నాయా? ఎంతెంతున్నాయి? కోత పండుగకి అందుతాయా?"

కోత పండుగంటే మా చర్చిలో ఏడాదికోసారి, ఇంట్లో పండిన మొదటి పంట తెచ్చి ప్రభువు బల్ల ముందు పెట్టే రోజు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు. అమ్మ ఏటా చేటనిండా చిక్కుడుకాయలు పెట్టేది.

"అవి కోయొద్దమ్మా," అన్నాను. "మనకున్నవి అవే. తీగ మీదే ఎండనిస్తే నలభై గింజలైనా వస్తాయి. లేతగా కోస్తే విత్తనానికి పనికిరావు."

"మిగతా తీగ ఇప్పుడు పూస్తుందన్నావుగా."

"పూయాలి అన్నాను. పూస్తుందో లేదో తెలీదు. పూసినా తుపాను రోజులు."

"మొదటి కాయ ఆయనది. విత్తనానికి దాచుకుని, దేవుడికి మిగిలింది పెడతామా?"

"ఈ ఏడు సరిగా కాయకపోవడం దేవుడి వల్ల కాదు. నా వల్ల."

"అదే నేనూ అంటున్నాను," అంది అమ్మ. "తప్పు నీది. ఆయన వాటా ఎందుకు తగ్గాలి?"

శనివారం సాయంత్రం నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అమ్మ కప్పు మీదకి ఎక్కి తనే కోసింది. విత్తనానికని ఒక్కటైనా వదులుతుందేమోనని చూశాను. వదల్లేదు.

ఆదివారం వేలం వేసే పెద్దాయన చేట పైకెత్తి ఓసారి చూసి, "టీచరుగారి చిక్కుడండీ. ఈ ఏడు ప్రభువు లెక్కపెట్టి ఇచ్చాడండీ, పద్నాలుగు," అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఎండురొయ్యల్లో వేసుకుంటానని ఒకావిడ పాడుకుంది. నేను పాడలేదు. అప్పటికవి విత్తనం కాదు, కూర.

ఆ తరవాత రోజూ నోటుపుస్తకంలో ఒకే మాట రాశాను, మొగ్గ లేదు. అమ్మ చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లవలసి వస్తే ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కర్రతో నేల తడుతూ వెళ్లేది. లైటు తీసిన పద్దెనిమిదో రోజున పందిరి దక్షిణపు వైపు, ఆకుల మధ్య నుంచి చీపురుపుల్లంత సన్నటి కాడలు లేచాయి. వాటికి మొగ్గలు. మర్నాటికి ఎన్నో లెక్కపెట్టలేకపోయాను. రాత్రి వచ్చిందని తీగకి తెలిసింది.

డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం పట్టింది. రెండో రోజు గాలికి పందిరి గుంజ ఒకటి విరిగి సగం పందిరి కిందకి వాలింది. నేను గుంజ ఎత్తి భుజాన ఆనించుకుని నిలబడ్డాను, కట్టడానికి తాడు లేదు. పిన్నిగారు వానలోనే చేపల వల తాడు చుట్ట పట్టుకొచ్చింది.

"చదువుకున్నోళ్లకి ముడి రాదండి, ఇలా ఇవ్వండి," అని వల కట్టే ముడి మూడు వేసింది. "పూత రాల్తే రాలింది. కాడ బతికితే మళ్లీ పూస్తది. టీచరుగారండీ, లోపలికెళ్లండి, జలుబు చేస్తది."

అమ్మ వెళ్లలేదు. చీరకొంగు తల మీద కప్పుకుని, మేం కట్టడం అయ్యేదాకా అక్కడే ఉంది.

పూత సగం రాలింది. మిగిలిన సగంలో కొంత కాయ పట్టింది. క్రిస్మస్ నాటికి కాయలు వేలెడు పొడుగయ్యాయి. ఈసారి అమ్మ ఒక్కటీ కోయలేదు. క్రిస్మస్ భోజనంలోకి చిక్కుడు బజారు నుంచి వచ్చింది. నాన్న తిని, "మన కాయలాగే ఉందే," అన్నాడు.

జనవరి చివర కాయలు గలగలమనేలా ఎండాయి. వరండాలో చాప మీద వలిచాం. పురుగుకన్నం ఉన్నవీ, ముడతపడ్డవీ తీసేయగా నూట ఇరవై ఆరు గింజలు మిగిలాయి. రెండు రోజులు నీడన ఆరబెట్టి, బూడిదలో కలిపి, బిగుతు మూతలున్న రెండు సీసాల్లో సగం సగం పోశాను.

"రెండెందుకు?" అంది అమ్మ.

"ఒకటి ఎదురింటికి."

అమ్మ చేతులు ఆగాయి. "మా అమ్మ ఈ విత్తనం ఎవరికీ ఇవ్వలేదురా. నా పెళ్లికి నాకిచ్చిందంతే. బైట ఇస్తే ఇంట్లో కాపు తగ్గుతుందనేది."

"అమ్మమ్మ ఎవరికీ ఇవ్వకపోవడం వల్లే కదమ్మా, ఇప్పుడెవరి దగ్గరా లేనిది. కిందటేడు మన మూత ఒక్కటి వదులైతే తొమ్మిది మిగిలాయి."

అమ్మ రెండు సీసాల్నీ ఎత్తి, ఏది ఎక్కువగా ఉందో వెలుతురుకి పెట్టి చూసింది. ఒకటి తీసుకుని చెప్పులేసుకుని గేటు దాటింది. నేను వెనకాలే వెళ్లాను.

పిన్నిగారు సీసా తీసుకుని కళ్లకద్దుకుంది. "ఆషాఢంలో పెడతానండి. గోడవారగా పెడతాను, మంచి ఎండ వస్తది అక్కడ." మూత తిప్పి చూసి మళ్లీ బిగించింది. తరవాత నా వైపు తిరిగింది.

"బాబూ, ఆ లైటు మీకు ఖాళీగానే ఉందిగా. మా గోడకి కట్టరాదూ? పాములు మా ఇంటికీ వస్తాయండి."

అమ్మ చెయ్యి చాపింది. "సీసా ఇలా ఇచ్చెయ్యవే."