అక్కకిచ్చిన ఎనిమిది

"...ల్యాబుకి ఎనిమిది ఇచ్చినప్పుడు గుర్తు రాలేదా ఈ పొదుపు? నా ఎక్స్‌రేల దగ్గరికొచ్చేసరికి నీతులా!"

"తగ్గిస్తే వేగం పెరుగుతుందండీ. ఒక్కసారి నా మాట వినండి."

"తిండి తగ్గిస్తే బలం పెరుగుతుందా? ఇదెక్కడి లెక్కయ్యా!"

ఎక్స్‌రే డాక్టరు సర్వర్ గది తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. లోపల మిగిలిన మనిషిని ఆసుపత్రిలో అందరూ కాకిగారంటారు. ఎంగిలి చేత్తో కాకిని తోలడని వచ్చిన పేరు. పంతొమ్మిదేళ్ల కిందట స్టోర్స్‌లో పెట్టెలు మోసే పనిలో చేరి, పెట్టెలతో వచ్చిన పుస్తకాలు చదువుకుంటూ ఈ గదిదాకా వచ్చాడు.

గదిలో ఉన్నది ఒకే పెద్ద సర్వర్. దానికి పదహారు కోర్లు, అంటే పని చేసే పదహారు బుర్రలు. ల్యాబు, ఎక్స్‌రే, మందుల విభాగం, వార్డులు, మొత్తం పది విభాగాల కంప్యూటర్లూ నిజానికి దాని లోపలే నడుస్తాయి. ఆ కోర్లను పంచుకునేందుకు దేనికి ఎన్ని వర్చువల్ ప్రాసెసర్లు కేటాయించాలో తేల్చడం అతని పని. మొదట్లో కొలిచి చూసి అందరికీ రెండేసి ఇచ్చాడు. అందరూ ఒకేసారి వాడరు గనక ఎవరికీ లోటు రాలేదు.

మూడేళ్ల కిందట, ల్యాబు రిపోర్టుల కౌంటరులో కూర్చునే అక్క, "తెర కదలట్లేదురా. తమ్ముడు ఇక్కడుండి ఏం లాభం?" అంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆ సాయంత్రం, జీవితంలో మొదటిసారి కొలవకుండా, రెండుని ఎనిమిది చేశాడు. లోపం ప్రింటరుదని, అది మొరాయించినప్పుడల్లా తెర ఆగేదని నెల తర్వాత తెలిసింది. అప్పటికి సంగతి ఆసుపత్రంతా పాకింది. అక్కకిచ్చినవాడు ఇతరులకు కాదనలేకపోయాడు. ఇప్పుడు పదింటికీ ఎనిమిదేసి.

మధ్యాహ్నం మెట్ల కింద అక్కాతమ్ముళ్లు క్యారేజీ విప్పారు.

"పదహారు కుర్చీల హోటలనుకో అక్కా. ప్రతివాళ్లూ ఎనిమిది కుర్చీలు ఒకేసారి ఖాళీ అయితేగానీ కూర్చోమంటారు. తినేది ఇద్దరే. తక్కిన ఆరూ ఉత్తినే పట్టి ఉంచుతారు. బయట వరస పెరిగిపోతుంది."

"అయితే ఇద్దరే రమ్మను."

"మూడేళ్లుగా అదే అంటున్నా."

"నాకే అర్థమైందే! అంత చదివిన డాక్టర్లకి ఏమొచ్చిందిరా?" నవ్వబోయి ఊరుకుంది. క్యారేజీ మూత కింద ఆవిడకొచ్చిన మెమో మడత పెట్టి ఉంది. పొద్దుటి రద్దీలో ఒక్కో రిపోర్టు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. ఆలస్యం ఆవిడదేనని నెలలో పద్నాలుగు ఫిర్యాదులు. మూడింటికి మీటింగు.

"ఆ కౌంటరు నుంచి తీసేస్తే నేనేమైపోతాన్రా? ఇంట్లో గోడలే కదా. అక్కడైతే కనీసం తిట్టడానికైనా మనుషులొస్తారు."

అతను క్యారేజీ మూసి, కొలతలు కాగితం మీదకి ఎక్కించడానికి లేచాడు.

మీటింగులో సూపరింటెండెంటు ముందు తన కాగితం పెట్టాడు. ఎంత రద్దీలోనూ ఏ విభాగమూ రెండు ప్రాసెసర్లకు మించి వాడలేదు. వాడుతున్న సమయం కన్నా కోర్ల కోసం వేచి ఉన్న సమయమే ఎక్కువ. ఆ వేచి ఉన్న సమయాన్ని ఎర్ర గీతతో చూపించాడు.

"ఒక్క వారం సార్. ల్యాబు నుంచి మొదలుపెట్టి అందరికీ మళ్లీ రెండేసి చేస్తాను. తేడా రాకపోతే నన్ను తీసేయండి."

"నా దగ్గరే కోత మొదలా?" అన్నాడు ల్యాబు పెద్ద.

"కాకిగారి చేతికి ఎంగిలి అంటిందేమో, కడుక్కోమనండి," అన్నాడు ఎక్స్‌రే డాక్టరు. నలుగురు నవ్వారు.

సూపరింటెండెంటు నవ్వలేదు. కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఆ మొదటి ఎనిమిది మీ అక్కగారికి ఇచ్చింది మీరేనా?"

"నేనే సార్. అది తప్పు. ఆలస్యం అక్కణ్ణుంచే మొదలైంది. ఆవిడది కాదు, నాది."

"రెండు చాలే చోట ఎనిమిది ఇచ్చారు. అయినా ఆవిడ దగ్గర ఆలస్యమే. అంటే మెషీనులో లోటు లేదన్నమాట."

"అలా కాదు సార్. ఎనిమిది ఇవ్వడం వల్లే..."

"మీ ఇంటి మనిషి గురించి మీరు చెప్పేది నేను వినకూడదు. నన్ను ఇబ్బంది పెట్టకండి."

ఆయన పెన్ను మూత తీసి, అతని కాగితం మీదే రాసి, పైకి చదివాడు.

"ఇక ఎవరూ తక్కువైందనకుండా, సోమవారం నుంచి పది విభాగాలకూ పదహారేసి. కౌంటరులో ఆవిడను పాత రికార్డుల గదికి మార్చడమైనది."