తడిబ్రష్షుగారి కాపురం

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆఫీసులో మాత్రం అదెవరికీ గుర్తు లేదు. వీధులూడ్చేవాళ్ళ దగ్గర్నుంచి కమిషనర్ గది ముందు కూర్చునే బంట్రోతు దాకా, కార్పొరేషన్ మొత్తానికీ ఆయన తడిబ్రష్షే. ఎదురుగా ఉంటే సార్, అటు తిరిగితే తడిబ్రష్షు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ దిక్కుమాలిన నిబంధన సంగతి చెప్పాలి.

ఒక ఏడు ఎడతెగని వాన పట్టుకుంది. కాలువలు పొంగి కార్పొరేటర్ల ఇళ్ళలోకి కూడా నీళ్ళొచ్చాయి. మామూలు జనం ఇళ్ళలోకి ఏటా వచ్చేవే కాబట్టి అంతకుముందు దాన్నెవరూ వరద అనలేదు, ఆ ఏడు అన్నారు. పంపులు నడిపేవాళ్ళు ఏరీ అని వెతికితే సగంమంది ఊరి హద్దు బయట కాపురం ఉంటున్నారని తేలింది. పంపుల్లో డీజిల్ లేదన్న సంగతి కూడా తేలింది గానీ దాని మీద ఎవరూ తీర్మానం చెయ్యలేదు. తీర్మానం ఉద్యోగుల మీద చేశారు. నగరం జీతం తీసుకునేవాడు నగరం హద్దుల్లోనే నివసించాలి, లేదా ఇంటికి పోవాలి. చేతులెత్తి జై కొట్టిన ఆ పెద్దలే మరుసటి వానాకాలానికి హద్దు అవతల మిట్ట మీద మేడలు కట్టుకుని హాయిగా వెళ్ళిపోయారు. వాళ్ళు ఉద్యోగులు కారుగా, ప్రజాప్రతినిధులు. వాళ్ళకి నిబంధన వర్తించదు.

నిబంధన పెట్టాక అమలు చెయ్యడానికి ఒక మనిషి కావాలి కదా. తోటివాళ్ళ పడగ్గదుల్లోకి తొంగిచూసే పని. పరువున్నవాళ్ళంతా నడుంనొప్పనీ, పిల్లల పరీక్షలనీ తలా ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. జనన మరణాల విభాగంలో మూలబల్ల దగ్గర, ఉన్నాడో లేడో ఎవరికీ పట్టకుండా కూర్చునే ఒక గుమాస్తా మాత్రం ఏనుగెక్కినంత సంబరపడిపోయాడు. నివాస తనిఖీ అధికారి! ఆ బోర్డు బల్ల మీద పెట్టిన రోజునుంచి ఆయన నడకే మారిపోయింది. కళ్ళు నెత్తికెక్కడమంటే ఏమిటో ఆఫీసు మొత్తం కళ్ళారా చూసింది.

పని మాత్రం శ్రద్ధగా చేసేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తెల్లవారకముందే వెళ్ళి ఎవరో ఒక ఉద్యోగి ఇంటి తలుపు దబదబా బాదేవాడు. అనుమానం ఉన్న ఆసామిని ముందు గేటు బయట నిలబెట్టేవాడు. తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళి బ్రష్షు తీసి కుంచె మీద బొటనవేలు రాసి చూసేవాడు. తడి ఉంటే మనిషి ఇక్కడే ఉంటున్నట్టు, లేకపోతే లేనట్టు. తర్వాత దిండు మీద తల గుంట, పొయ్యి వెచ్చన. ఎదురింటివాళ్ళని ఒక మాట. ఆఖరున ఇంటి ఇల్లాలు. ఇంతటి పరిశోధన ఏ దొంగల ముఠా మీదైనా చేసి ఉంటే ఊరు బాగుపడేది.

జనం ఊరుకుంటారా? పార్కుల తోటమాలులంతా కలిసి ఊళ్ళో ఒక సందులో ఒకే గది అద్దెకి తీసుకుని, అందరి చిరునామా అదే ఇచ్చారు. బ్రష్షులు తడిపే బాధ్యత ఇల్లుగల ముసలమ్మది. ఆవిడ రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోసి బ్రష్షుల గుత్తి మొత్తాన్ని తడిపేది. ఒకరోజు శ్రద్ధ ఎక్కువై, కొత్తగా చేరినవాడి బ్రష్షుని కవరు విప్పకుండానే తడిపేసింది. తనిఖీకొచ్చిన తడిబ్రష్షు దాన్ని పైకెత్తి చూపించాడు.

"ఏమ్మా, ఈయన కవరుతోనే పళ్ళు తోముకుంటాడా?"

"గట్టి పళ్ళు బాబూ," అంది ముసలమ్మ తడుముకోకుండా.

ఊరంతా కడుపుబ్బ నవ్వింది. ఆయన నవ్వలేదు. తోటమాలులందరికీ నోటీసులిచ్చి, కోట గెలిచిన సేనాపతిలా ఆఫీసుకి వచ్చాడు.

ఇక ఒక ఫైరింజను డ్రైవరు కథ. ఫైర్ స్టేషను ఊరి చివర రోడ్డుకి ఇటు ఉంది, డ్రైవరు సొంతిల్లు అదే రోడ్డుకి అటు ఉంది. ఖర్మకాలి హద్దురాయి ఆ రెంటికీ మధ్య పాతారు. రాయి మీద కూర్చుంటే ఒక కాలు నగరంలోనూ ఒక కాలు బయటా ఉంటుంది. తడిబ్రష్షు ఆ ఇంటికి వెళ్ళి, బ్రష్షు తడిగా ఉందని మురిసిపోయాడు. ఇక్కడ తడి ఉండటమే నేరం మరి.

"సార్, సైరన్ మోగితే చొక్కా గుండీలు పెట్టుకునేలోపు బండెక్కుతాను," అని బతిమాలాడు డ్రైవరు. "ఊళ్ళో మాకు అందే అద్దె ఇల్లు ఆ కొసన గానీ దొరకదు. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారాలి. మా అమ్మ మెట్లెక్కలేదు. నేను బస్సు దిగేదాకా మంట ఆగుతుందా, మీరే చెప్పండి."

"మంట సంగతి నాకు సంబంధం లేదోయ్. నీ మంచం సంగతే నాకు కావాలి. నీ మంచం రాయికి అవతలుంది."

అంతే, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఉద్యోగం ఊడింది. కొన్నాళ్ళకే బజారులో కుర్చీల దుకాణం అంటుకుంది. కొత్త డ్రైవరు అన్ని విధాలా హద్దుల్లోనే ఉన్నవాడు. పాపం, హద్దుల్లోనే బస్సు కోసం నిలబడి ఉన్నాడు. కుర్చీలన్నీ బూడిదయ్యాయి. నిబంధనకి మాత్రం ఎక్కడా భంగం కలగలేదని కమిషనర్ గారు సంతృప్తి వెలిబుచ్చారు. ఇలాంటి సంతృప్తి చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఈ మహానుభావుడికీ ఒక ఇల్లుంది. ఊరి నడిబొడ్డున, సొంతిల్లే. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మొదట్లో ఆవిడ ఆయన కోసం కాచుకుని కూర్చునేది. ఆయన చీకటితోనే లేచి, బ్రష్షు సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాడు. పళ్ళు ఆఫీసు కుళాయి దగ్గర తోముకునేవాడు, తిండి క్యాంటీన్లో, బట్టలు ఆ పక్కనే ఉన్న లాండ్రీలో. రాత్రి ఇంటి వరండా బల్ల మీద ఒరిగి కునుకు తీసి, ఆవిడ లేచేసరికి మాయమయ్యేవాడు. కూతురి పెళ్ళిలో కూడా భోజనాల వరసలో ఒక మీటరు రీడరు కనిపిస్తే, "ఎటు వైపునుంచి వస్తున్నావోయ్?" అని ఆరా తీశాడు. వాడు విస్తరి వదిలేసి పరిగెత్తాడు. ఆవిడ ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటినుంచి కాచుకుని కూర్చోవడం మానేసింది.

రిటైర్మెంటు దగ్గరపడుతుందనగా ఆయన కింద పని నేర్చుకోవడానికి ఒక అమ్మాయిని వేశారు. ఆయన గురువు అవతారమెత్తాడు.

"రాసుకో అమ్మాయ్. సంచిలో బ్రష్షు వేసుకు తిరిగేవాడు ముమ్మాటికీ బయటివాడే. ఇంటి ఇల్లాలు మా ఆయన ఉంటున్నాడంటే నమ్మకు, మొగుడి కోసం ఎవరైనా అబద్ధం ఆడతారు. ఉండట్లేదు అందనుకో, ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కేసు మూసెయ్."

అమ్మాయి బుద్ధిగా రాసుకుంది.

ఫైరింజను డ్రైవరు మాత్రం ఆఫీసు చుట్టూ తిరగడం మానలేదు. ఒకరోజు కమిషనర్ ముందు నిలబడి, "అందరి కాపురాలూ చూశారు, ఈయనగారిది ఎవరైనా చూశారా?" అని అడిగాడు. ఫిర్యాదు వస్తే తనిఖీ జరిగి తీరాలన్నది నిబంధన. ఆ నిబంధన రాసింది కూడా తడిబ్రష్షే. ఆయన పగలబడి నవ్వాడు. "రమ్మనండి! నా సొంతిల్లు హద్దురాళ్ళన్నిటికీ దూరంగా ఊరి మధ్యలో ఉంది," అని సవాలు విసిరాడు. అమ్మాయినే పంపించారు. ఓడితే ఉద్యోగం పోతుంది, డ్రైవరుకి పోయినట్టే. అయినా ఆయనకి వీసమెత్తు బెదురు లేదు.

అమ్మాయి వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని వరండాలో దర్జాగా కూర్చున్నాడు.

"సార్, మీరు గేటు బయట నిలబడాలి," అంది అమ్మాయి.

"నేనా?"

"మీరే నేర్పారు కదా సార్."

సంచి చంకన పెట్టుకుని బయటికెళ్ళాడు. అమ్మాయి స్నానాలగదిలో ఒక్కటే బ్రష్షు ఉందని చూసి వచ్చింది. గది మధ్యలో రెండు మంచాలు. ఒకదాని మీద ఒక దిండు, రెండోదాని మీద కత్తిరించిన నీలంగుడ్డ గుట్ట. ఆయన గేటు మీదుగా సంచిలోంచి బ్రష్షు తీసి ఊపాడు.

"ఇదిగో అమ్మాయ్, నా బ్రష్షు! తడిగానే ఉంది, కావాలంటే చూసుకో!"

అమ్మాయి చూసింది, రాసుకుంది. అప్పుడు ఆయనకి తను చెప్పిన పాఠం గుర్తొచ్చింది, బ్రష్షుని గబుక్కున మళ్ళీ సంచిలో దోపాడు. ఇంతలో ఎదురింటాయన అడక్కుండానే గోడ దగ్గరికొచ్చి, "ఆ ఇంట్లో కుట్టుమిషను ఆవిడ ఒక్కరే ఉంటారమ్మా," అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, "ఈయన అప్పుడప్పుడూ వస్తుంటారు. చుట్టమనుకుంటా," అని కూడా అన్నాడు.

ఇక మిగిలింది భార్య. అమ్మాయి ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ ఆయన ఈ ఇంట్లో ఉంటారా అమ్మా?"

కుట్టుమిషను ఆగింది. ఆయన గేటు దగ్గర్నుంచే కిటికీ ఊచల్లోంచి ఆవిడకేసి చూశాడు. తలూపు, తలూపు అని కళ్ళతోనే సైగలు చేశాడు. ఒకప్పుడు డ్రైవరు ముసలితల్లి కూడా వాకిట్లోంచి ఇలాగే చూసింది, ఈయనకేసి.

"పెళ్ళయిన కొత్తలో ఉండేవారు," అంది ఆవిడ.

"ఇప్పుడూ?"

"ఇప్పుడు ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఉంటారమ్మా, ఇక్కడ తప్ప. ఎవరి దిండు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఎదురింటివాళ్ళు. నాలుగో రోజున తిరిగొచ్చాను. నేను ఇంట్లో లేనన్న సంగతే ఆయనకి తెలీదు." ఎప్పుడో ఏడ్చేసిన ఏడుపు అది. "అబద్ధం ఎందుకమ్మా. ఉండరు."

అమ్మాయి కలం మూసింది. ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆయన కమిషనర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "సొంతిల్లు సార్, నా సొంతిల్లు!" అని మొత్తుకున్నాడు. "ఇల్లు ఉంది, మీరు లేరు. పద్ధతి మీరు పెట్టిందేగా," అని కమిషనర్ గారు చేతులు దులుపుకున్నారు. అమ్మాయికి ఆయన బల్ల, ఆయన బోర్డు ఇచ్చారు. డ్రైవరు ఉద్యోగం తిరిగి రాలేదు. నిబంధనా పోలేదు. ఇలాంటివాటికి చావు రాదు.

ఆఖరి రోజున పట్టపగలే ఇంటికొచ్చాడు. ఆ వేళప్పుడు తన ఇంట్లోకి ఎండ ఎటునుంచి పడుతుందో కూడా ఆయనకి తెలీదు. సంచి నేలకేసి కొట్టాడు.

"నా ఉద్యోగం పీకించావు కదే!"

"నేనేం పీకించానండీ? అడిగారు, ఉన్నది చెప్పాను," అంది ఆవిడ మిషను ఆపకుండా. "ఆ డ్రైవరు కూడా మీకు ఉన్నదే చెప్పాడుగా."

ఎండ కిటికీలోంచి పడి మంచం దాకా పాకింది. ఆవిడ కాసేపటికి లేచి రెండో మంచం మీద గుడ్డంతా తీసి గోడవార పెట్టి, మళ్ళీ వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆయన వంగి సంచిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని స్నానాలగది గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాడు.

"ఇది ఎక్కడ పెట్టను?" అని అడిగాడు, తలొంచుకుని.

ఆవిడ తలెత్తలేదు.

"ఇంట్లో ఉండేవాళ్ళు ఎక్కడ పెడతారో మీకు తెలియనిదా?"