సంత బొరుగులు

మా ఎదురింటి అత్త సంతకు పోతే మొదటి చుట్టు ఊరికే తిరిగేది. ఏదీ ముట్టుకునేది కాదు, ఎవరినీ ధర అడిగేది కాదు. పక్కవాళ్లు బేరమాడుతుంటే మాత్రం నిలబడి వినేది. కొత్త కోడలిగా ఆమె వెంట పోయే నాకు ఆ తిరుగుడు మహా విసుగ్గా ఉండేది.

రెండో చుట్టులో కొనేది. ముందు రాగులు, తర్వాత ఉప్పు, మిరపకాయలు, చింతపండు. అన్నీ అయ్యాక కొంగుముడిలో ఏమైనా మిగిలితే తనకోసం బొరుగులు కొనుక్కునేది. బత్తలపల్లె సంత నుంచి ఊరికి నడిచే దారిలోనే అవి తినేసి, ఇండ్లు కనబడగానే కొంగు దులిపేసేది. వాళ్లింట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఎనభైలలో ఒక ఏడు వాన రాక శెనక్కాయ చేలన్నీ ఎండిపోయాయి. కూలి పనులు లేవు. ఆ వారం సంతలో ఆమె మొదటి చుట్టు తిరిగి, నేరుగా బొరుగుల అంగడి ముందు ఆగి ముడి విప్పింది. మిగిలిన దాంతో రాగులు కొంది. ఎప్పుడూ కొనేదాంట్లో సగం కూడా రాలేదు.

దారిలో ఉండబట్టలేక అడిగేశాను. "ఆ దుడ్లు కూడా రాగులకే పెట్టింటే ఇంగో ముద్ద సంగటి అయ్యేది గదత్తా?"

ఆమెకు కోపం రాలేదు. నడక కూడా ఆపలేదు.

"అయ్యేది. సంగటి తక్కువైతే ఇంట్లో ఎవురి ముద్ద పోతాది? కడాన తినేదాన్ని, నాదే గదా! ఆ ముద్దే ఈడ తింటాండా" అంది.

అని, అందులోంచే నాకూ ఒక పిడికెడు పెట్టింది.